పవర్‌గూడ కానుగ నూనె, వాషింగ్టన్ విమానాలు

2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు వాషింగ్టన్‌లో ఒక సదస్సు పెట్టింది. దానికి దేశదేశాల నుంచి జనం విమానాల్లో వచ్చారు. వాళ్ళ రాకపోకల వల్ల గాల్లో కలిసిన కార్బన్ డయాక్సైడ్‌కి సరిపడా ఎక్కడో ఒకచోట తగ్గించాలనుకుని, బ్యాంకు మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెం దగ్గర 147 టన్నుల లెక్క కొనుక్కుంది. ఆ ఊరి మహిళా సంఘాలకి 645 డాలర్లు ఇచ్చింది. అప్పటి రేటు ప్రకారం 29 వేల రూపాయలు, కాస్త అటూ ఇటూగా.

ఆ ఆడవాళ్ళు అమ్మింది కానుగ నూనె కూడా కాదు. ఆ నూనె వాడితే రాకుండా పోయే పొగని అమ్మారు. కానుగ మనందరికీ తెలిసిన చెట్టే. చెరువు గట్ల మీద, రోడ్ల పక్కన, అడవి అంచుల్లో దానంతటది పెరుగుతుంది. కాయలు ఏరి, ఎండబెట్టి, కొట్టి, గింజ తీసి మిల్లులో ఆడిస్తే చేదు నూనె వస్తుంది. తినడానికి పనికిరాదు. దీపాల్లోకి, ఒంటి మీద గజ్జికి వాడేవాళ్ళు. మిగిలిన పిండి పొలానికి ఎరువు. ఆ నూనెని డీజిల్ బదులు ఇంజన్లలో పోస్తే ఆ మేరకు డీజిల్ కాలదు కదా. పదేళ్ళలో 51 టన్నుల నూనె, దానివల్ల 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆదా అని లెక్క కట్టి, ఆ ఆదాని బ్యాంకు పేరున రాశారు.

నేను పనిచేసేది ఆడిట్ ఆఫీసులో. ఎవరి ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో చూడటమే నా రోజువారీ పని. అందుకే ఈ సంగతి చదివిన రోజు ఊరుకోలేక నేనూ ఒక లెక్క వేశాను. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎక్కడా ఆగకుండా వెళ్ళే పెద్ద బోయింగ్ 777 దారిలో వంద టన్నులకి పైగా ఇంధనం కాలుస్తుంది. ఒక టన్ను ఇంధనం కాలితే 3.16 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే ఒక విమానం ఒక వైపు వెళ్తేనే 300 టన్నుల పైమాట. పవర్‌గూడ ఆడవాళ్ళు పదేళ్ళు కాయలేరి ఆదా చేసేది ఆ విమానాన్ని సగం దారి కూడా దాటించదు.

విమానాలు పెరగకూడదని నేను అనను. పెరగాలనే అంటాను, ఎందుకో కింద చెప్తాను. నా గొడవల్లా ఒకటే. ఆకాశంలో అయిన ఖర్చుని ఆకాశంలోనే తీర్చాలి. ఎక్కేవాళ్ళ ఖర్చుని ఎక్కనివాళ్ళ అడవిలో, పొలంలో రాసి ఖాతా మూసేయడం ఆపాలి.

*

మా అమ్మ మొదటిసారి విమానం ఎక్కింది 2019లో, 61 ఏళ్ళ వయసులో. చెల్లి కాన్పుకి డాలస్ వెళ్ళింది. శంషాబాద్‌లో చెకిన్ దగ్గర సామాను రెండు కిలోలు ఎక్కువైందన్నారు. అమ్మ అక్కడే నేల మీద సూట్‌కేసు తెరిచింది. కందిపొడి డబ్బా తీసి నా చేతిలో పెట్టింది, చెల్లి కోసం కొన్న స్వెట్టర్ తీసి ఇచ్చింది, బాలింత కాయం సీసా మాత్రం చీర మడతల్లోకి ఇంకాస్త లోపలికి దోపింది. ఐదు నెలల తర్వాత తిరిగొచ్చాక బోర్డింగ్ పాసు ముక్కల్ని ఎల్‌ఐసీ బాండ్లు దాచుకునే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. అవి ఇప్పటికీ అందులోనే ఉన్నాయి.

ఆ ప్రయాణం రానూ పోనూ కలిపితే అమ్మ వాటాకి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్. మన దేశంలో సగటున ఒక మనిషి ఏడాది మొత్తానికి వచ్చే లెక్క కూడా దాదాపు అంతే. ఇది తెలిసే రాస్తున్నాను. అయినా ఆ ప్రయాణం మానుకోవాల్సిందని మా అమ్మతో నేను అనలేను. కూతురు నొప్పులు పడుతుంటే పక్కన తల్లి ఉండటం విలాసం కాదు.

2024లో మన దేశం లోపల విమానాల్లో తిరిగినవాళ్ళు 16 కోట్ల 13 లక్షలు. ఇవి ప్రయాణాల లెక్క, మనుషుల లెక్క కాదు. నెలకి నాలుగుసార్లు ముంబై వెళ్ళొచ్చే ఉద్యోగి ఒక్కడే ఇందులో దాదాపు వందసార్లు ఉంటాడు. 140 కోట్ల మంది ఉన్న దేశంలో విమానం మెట్టు ఎక్కనివాళ్ళే ఇంకా ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద చూసినా అంతే. 2018 లెక్కలు తీసిన పరిశోధకులకి తేలింది ఏమిటంటే, ఆ ఏడాది జనాభాలో విమానం ఎక్కినవాళ్ళు 11 శాతం మాత్రమే. ప్రయాణికుల విమానాల వల్ల వచ్చే కార్బన్‌లో సగానికి పైగా ఒక్క శాతం జనం వల్లే వస్తోంది.

యూరప్‌లో విమానం ఎక్కడం సిగ్గుచేటు అని ఒక ఉద్యమం నడిచింది. వాళ్ళ ఆవేదన నిజమైనదే, నేను గౌరవిస్తాను. కానీ మూడు తరాలుగా ఎక్కుతున్నవాళ్ళు ఇక చాలు అనుకోవడం వేరు, మొదటిసారి ఎక్కబోయేవాళ్ళ ముఖం మీద తలుపు వేయడం వేరు. 2014లో మనకి 74 విమానాశ్రయాలు ఉండేవి, ఇప్పుడు 150 దాటాయి. ఇండిగో 2023లో ఒకే దెబ్బలో 500 విమానాలకి ఆర్డర్ ఇచ్చింది, అదే ఏడాది ఎయిరిండియా 470కి ఇచ్చింది. చిన్న ఊళ్ళకి విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్‌లో ప్రయాణాలు మొదలైన రోజునే కడప నుంచి హైదరాబాద్‌కి విమానం లేచింది. కడపలో జబ్బు మనిషిని రాత్రంతా రోడ్డు మీద తీసుకొచ్చిన కుటుంబాలకి ఆ గంట ప్రయాణం ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు. ఈ పెరుగుదల ఆగదు, ఆపే హక్కు కూడా ఎవరికీ లేదు. మరి దాని పొగ సంగతేమిటి?

*

విమాన ఇంధనం అంటే ఏదో మనకి తెలియని వస్తువు అనుకుంటాం. అది శుద్ధి చేసిన కిరసనాయిలే. చిన్నప్పుడు రేషన్ షాపు ముందు నీలం రంగు కిరసనాయిలు కోసం డబ్బా పట్టుకుని నిలబడ్డవాళ్ళం మనం. చివరి చుక్క డబ్బాలోకి జారేదాకా గరాటు పట్టుకుని ఉండేది అమ్మ. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్ళే ఎయిర్‌బస్ 320 రకం విమానం రెండు గంటల్లో సుమారు ఐదు టన్నులు కాలుస్తుంది. లీటర్లలో చెప్పాలంటే ఆరు వేల పైన. ఐదు లీటర్ల డబ్బాలైతే పన్నెండు వందల పైచిలుకు. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ 16 టన్నుల దాకా. నిండుగా వెళ్తే ఒక్కో ప్రయాణికుడి వాటా 90 కిలోలకి దగ్గర.

కాలింది ఐదు టన్నులైతే పొగ పదహారు టన్నులు ఎలా అయిందని మా అబ్బాయి అడిగాడు. కిరసనాయిల్లో ఉన్న కార్బన్‌కి గాల్లో ఉన్న ఆక్సిజన్ వచ్చి అతుక్కుంటుంది, ఆ బరువూ కలుస్తుంది. ట్యాంకులో పోసినదానికంటే ఆకాశంలో వదిలిందే మూడు రెట్లు బరువు.

ప్రపంచం వదిలే మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా రెండున్నర శాతం దాకా ఉంటుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ 1990 నుంచి 2019 లోపు విమానాలు చాలా పొదుపు నేర్చుకున్నాయి. ఒక ప్రయాణికుణ్ణి ఒక కిలోమీటరు మోయడానికి పట్టే ఇంధనం సగానికి పైగా తగ్గింది. అదే కాలంలో ప్రయాణాలు నాలుగు రెట్లయ్యాయి. కాబట్టి మొత్తం పొగ రెట్టింపైంది. కొత్త విమానాలు వస్తే అంతా సర్దుకుంటుందని చెప్పేవాళ్ళకి ఈ ముప్ఫై ఏళ్ళే జవాబు. నియో రకం కొత్త ఇంజన్లు పాతవాటికంటే 15 నుంచి 20 శాతం తక్కువ తాగుతాయి. మంచిదే, పాతవి తీసేసి అవి తేవాలి. కానీ ఏటా నాలుగైదు శాతం పెరిగే రాకపోకలు ఆ ఆదాని నాలుగైదేళ్ళలో మింగేస్తాయి.

బ్యాటరీతో ఎగరవచ్చు కదా అంటారు. ఒక కిలో కిరసనాయిల్లో ఉన్న శక్తిలో యాభయ్యో వంతు మాత్రమే ఒక కిలో బ్యాటరీలో పడుతుంది. చిన్న విమానాలకి, దగ్గర దూరాలకి ఏమో గానీ డాలస్‌కి కాదు. హైడ్రోజన్ విమానం 2035కల్లా తెస్తామన్న ఎయిర్‌బస్ కూడా ఆ తేదీని వెనక్కి జరిపింది. ఈ రెండింటి మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం.

*

ఖాతాల దగ్గరికి వస్తాను, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. 1997 క్యోటో ఒప్పందంలో ఏ దేశం పొగ ఆ దేశం లెక్కలో రాశారు. దేశాల మధ్య తిరిగే విమానాల పొగ మాత్రం ఎవరి లెక్కలోనూ రాయలేదు. హైదరాబాద్‌లో లేచి దోహాలో దిగే విమానం పొగ మనదా వాళ్ళదా అన్న ప్రశ్న తేలక, ఆ పనిని ఐకావో అనే ఐక్యరాజ్యసమితి సంస్థకి అప్పజెప్పారు. 2015 పారిస్ ఒప్పందంలో విమానాల ఊసే లేదు. పైగా 1944 షికాగో ఒప్పందం, దాని వెంట దేశాలు తమలో తాము రాసుకున్న ఒప్పందాల వల్ల అంతర్జాతీయ విమానాల ఇంధనం మీద చాలాచోట్ల పన్ను కూడా ఉండదు. మోటార్ సైకిల్‌లో లీటరు పెట్రోలు పోయించుకునే రైతు కట్టే పన్ను, సముద్రాలు దాటే విమానం కట్టదు.

ఐకావో 2016లో కోర్సియా అనే పద్ధతి పెట్టింది. 2019లో ఉన్న పొగలో 85 శాతాన్ని గీతగా పెట్టుకుని, దాని పైన పెరిగినదానికి మాత్రమే విమాన సంస్థలు జవాబు చెప్పాలి. మన దేశం ఇందులోకి 2027 నుంచి వస్తుంది. జవాబు చెప్పడం అంటే రెండు దారులు. శుభ్రమైన ఇంధనం వాడటం ఒకటి, ఇంకెవరో తగ్గించిన లెక్కని కొనుక్కోవడం రెండోది. దాన్నే కార్బన్ క్రెడిట్ అంటున్నారు. కోర్సియా మొదటి దశకి పనికొచ్చేలా ముందుగా వచ్చిన క్రెడిట్లు గయానా దేశపు అడవులవి. మళ్ళీ అడవే. పవర్‌గూడ పద్ధతే, పెద్ద ఎత్తున.

పవర్‌గూడకి దక్కిన ధర టన్నుకి నాలుగు డాలర్ల నలభై సెంట్లు. విమానంలో నిజంగా కిరసనాయిలు తగ్గించి శుభ్రమైన ఇంధనం పోయాలంటే టన్ను కార్బన్‌కి అయ్యే ఖర్చు కొన్ని వందల డాలర్లు. ఎదురుగా నాలుగు డాలర్ల రసీదు దొరుకుతుంటే ఏ కంపెనీ వందల డాలర్లు ఖర్చు పెడుతుంది? నేను ఆడిట్ చేసే ఏ చిన్న వ్యాపారీ పెట్టడు. అందుకే క్రెడిట్లు ఉన్నంతకాలం విమానం మారదని నా నమ్మకం. పవర్‌గూడ చేసిన పనిలో తప్పేమీ లేదు. ఆ ఆడవాళ్ళు చెట్లు పెంచినందుకు డబ్బు ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువ ఇవ్వాలి. ఆ డబ్బుకి బదులుగా ఇంకొకరి పొగ మాఫీ కావడమే తప్పు.

మరి ఆకాశంలోనే తీర్చడం అంటే ఏమిటి?

మా బావమరిది ఒక విమానాశ్రయంలో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో చేస్తాడు. విమానం తోక చివర చిన్న గొట్టంలాంటిది ఉంటుంది, చూసే ఉంటారు. అది లోపలున్న చిన్న ఇంజనుది, ఏపీయూ అంటారు. విమానం బేలో, అంటే టెర్మినల్ దగ్గర ఆగే చోట, నిలబడి ఉన్నప్పుడు లైట్లకి, ఏసీకి కరెంటు ఇస్తుంది. ఎయిర్‌బస్ 320లో గంటకి వంద కిలోలకి పైగా ఇంధనం తాగుతుంది. చాలా టెర్మినళ్ళలో బే పక్కనే కరెంటు కేబులూ చల్లగాలి గొట్టమూ ఉంటాయి. అవి తగిలిస్తే ఏపీయూ ఆపేయవచ్చు. "తగిలించే టైమేదీ బావా, అరగంటలో మళ్ళీ లేవాలి. గాలి గొట్టం చిరిగితే ఎవరి నెత్తిన పడుతుందోనని ఒకరి మీద ఒకరు వదిలేస్తారు" అన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ తోక వెనక గాలి వేడికి అలలు అలలుగా ఊగుతుందట. కొచ్చి విమానాశ్రయం 2015లోనే పూర్తిగా సోలార్ కరెంటుతో నడిచే మొదటి విమానాశ్రయం అయింది. శంషాబాద్‌లోనూ సోలార్ పలకలు పరిచారు. సంతోషం. ఆ కరెంటు విమానం కడుపులోకి వెళ్ళే చివరి పది మీటర్ల కేబుల్ దగ్గర ఆగిపోతుంటే మాత్రం బాధగా ఉంటుంది.

ఇంకొకటి మన పన్నుల వల్ల వచ్చింది. విమాన ఇంధనం జీఎస్టీలో లేదు. ఒక రాష్ట్రంలో వ్యాట్ ఒక శాతం, ఇంకో రాష్ట్రంలో పాతిక దాటుతుంది. దాంతో చవకగా ఉన్నచోట అవసరానికి మించి నింపుకుని, ఖరీదున్న చోటికి మోసుకెళ్తారు. ఇంధనం మోయడానికి కూడా ఇంధనమే కాలాలి. కేవలం పన్ను తేడా కోసం కాల్చే కిరసనాయిలు ఇది. దేశమంతా ఒకే పన్ను పెడితే ఒక్క కొత్త యంత్రం కొనకుండానే ఇది ఆగిపోతుంది. రాష్ట్రాలు ఒప్పుకోవు, రాబడి పోతుందని. ఆ భయం నాకు అర్థమవుతుంది కానీ ఒప్పుకోను.

*

ఊళ్ళో పిల్లలుగా ఉన్నప్పుడు ఆకాశంలో తెల్లటి చార గీసుకుంటూ విమానం పోతే రాకెట్ పోతోందని అరిచేవాళ్ళం. ఆ తెల్ల చార పొగ కాదు, మంచు. ఇంజను వదిలిన ఆవిరి, పైనున్న విపరీతమైన చలికి మసి రేణువుల చుట్టూ గడ్డకడుతుంది. పొడిగాలి అయితే నిమిషాల్లో కరిగిపోతుంది. గాలిలో తేమ బాగా ఉంటే గంటల తరబడి నిలిచి, పరుచుకుని, పల్చటి మబ్బు అవుతుంది. పగలు ఆ మబ్బు కొంత ఎండని తిప్పికొడుతుంది కూడా. రాత్రి మాత్రం నేల నుంచి పైకి పోవాల్సిన వేడిని దుప్పటిలా ఆపేస్తుంది.

విమానాల వల్ల భూమి ఇప్పటిదాకా ఎంత వేడెక్కిందని 2018 వరకు ఉన్న లెక్కలు కూడితే, అందులో మూడింట రెండు వంతులు కార్బన్ డయాక్సైడ్ వల్ల కాదు. ఈ తెల్ల చారలు, నైట్రోజన్ ఆక్సైడ్ల లాంటి వాటి వల్ల. ఎంత ఖచ్చితంగా అన్నదాని మీద శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా తేడాలున్నాయి, కానీ చిన్నది మాత్రం కాదు. ఆ నష్టంలో ఎక్కువ భాగం కొద్ది విమానాల వల్లే వస్తుంది. తేమ ఉన్న పొరలోకి వెళ్ళినవే చెరుపు చేస్తాయి. వాటిని కాస్త పైకో కిందికో జరిపితే సరిపోతుంది.

ఇది ఊహ కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్, గూగుల్ కలిసి 70 విమానాల మీద పరీక్ష చేసి 2023లో ఫలితం చెప్పాయి. ఎక్కడ చార నిలబడుతుందో ముందుగా అంచనా కట్టి పైలట్లకి చెప్తే, వాళ్ళు ఎత్తు మార్చుకుని వెళ్ళారు. చారలు 54 శాతం తగ్గాయి. ఆ విమానాలకి అదనంగా అయిన ఇంధనం 2 శాతం. అన్ని విమానాలూ ఎత్తు మార్చనక్కర్లేదు కాబట్టి మొత్తం మీద ఖర్చు ఇంకా చాలా తక్కువ. నాకు ఈ విషయం తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. కొత్త విమానం అక్కర్లేదు, కొత్త ఇంధనం అక్కర్లేదు. వాతావరణ అంచనా, కంట్రోల్ టవర్ సహకారం, ఒక్క ఆదేశం. మన వాతావరణ శాఖ తుపాను ఎక్కడ తీరం దాటుతుందో రోజుల ముందే చెప్పగలుగుతోంది. పై గాలుల్లో తేమ కొలవడం అంతకంటే తేలిక కాకపోవచ్చు, కానీ మొదలైనా పెట్టాలి కదా. మన పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం మనిషి. రాత్రిపూట బంగాళాఖాతం మీదుగా పోయే విమానాలతో ఈ పరీక్ష ఒకటి చేయించమని ఆయన్ని అడగాలని నాకు గట్టిగా ఉంది.

*

ఇక అందరూ మాట్లాడే సాఫ్. సస్టెయినబుల్ ఏవియేషన్ ఫ్యూయల్ అని పూర్తి పేరు. పాత ఇంజన్లలోనే, కిరసనాయిల్లో సగం దాకా కలిపి వాడవచ్చు. 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక స్పైస్‌జెట్ విమానం అడవి ఆముదం నూనె నుంచి చేసిన ఇంధనం కలుపుకుని ఎగిరింది. డెహ్రాడూన్‌లోని పెట్రోలియం సంస్థ శాస్త్రజ్ఞులు తయారు చేశారు. మన దేశం అంతర్జాతీయ విమానాలకి 2027లో 1 శాతం, 2028లో 2 శాతం సాఫ్ కలపాలని లక్ష్యం పెట్టుకుంది. యూరప్ 2025లోనే 2 శాతం తప్పనిసరి చేసింది. 2030కి 6, 2050కి 70. ప్రపంచంలో 2024లో తయారైన సాఫ్ మొత్తం పది లక్షల టన్నులు. మొత్తం విమాన ఇంధనంలో అది 0.3 శాతం.

ఎలా చేయాలో తెలుసు. దేనితో చేయాలన్నదే చిక్కు. అడవి ఆముదం పేరు వినగానే మన రైతులకి గుర్తొచ్చేది వేరు. 2000ల్లో బంజరు భూముల్లో వేస్తే బంగారం అన్నారు. నీళ్ళు లేకుండా కాయదని వేసినవాళ్ళకి తెలిసింది. 2017కల్లా డీజిల్‌లో 20 శాతం జీవ ఇంధనం అన్న జాతీయ లక్ష్యం కాగితం మీదే మిగిలింది. ఇప్పుడు ఇథనాల్ నుంచి విమాన ఇంధనం అంటున్నారు. పద్ధతి పనిచేస్తుంది. కానీ ఇథనాల్ ఎక్కడ తయారవుతుంది? 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఊళ్ళకి ఊళ్ళు రోడ్డు మీద కూర్చున్నాయి. నీళ్ళు, వాసన, పంటలు పాడవుతాయన్న భయం. ప్రభుత్వం పనులు ఆపించాల్సి వచ్చింది. ఆ ఫ్యాక్టరీ పెట్రోల్లో కలిపే ఇథనాల్ కోసమే అనుకుందాం, అయినా చూడండి, నిర్మల్ కూడా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లానే. పవర్‌గూడ జిల్లానే. ఇరవై ఏళ్ళ తర్వాత బండి మళ్ళీ ఆ మనుషుల గుమ్మంలోనే ఆగింది. తినే ధాన్యంతో, ఊరి నీళ్ళతో చేసిన ఇంధనాన్ని శుభ్రమైనది అని నేను పిలవలేను.

వాడేసిన వంటనూనె నయం. పానిపట్ రిఫైనరీకి 2025లో దాన్నుంచి సాఫ్ చేయడానికి అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది. మా వీధి చివర మిరపకాయ బజ్జీల బండి ఆయన్ని ఒకరోజు అడిగాను, మిగిలిన నూనె ఏం చేస్తారని. "మిగలడమేంటండీ" అన్నాడు. రాత్రి మూకుడు అడుగున మిగిలింది వడగట్టి డబ్బాలో పోస్తాడు, మర్నాడు సాయంత్రం దాని మీదే కొత్త నూనె కొంచెం కలుపుతాడు. ఎవరో పెద్ద హోటల్ నుంచి సగం ధరకి తెచ్చే డబ్బా కూడా అప్పుడప్పుడు కొంటానని, వద్దనుకుంటూనే కొంటానని చెప్పాడు. మూకుడులో నూనె కాచిన టీ రంగులో ఉంది, నురుగు దిగడం లేదు. పాడైన నూనె వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018లో హద్దు పెట్టింది, సేకరించి ఇంధనంగా మార్చే పథకం కూడా మొదలుపెట్టింది. పెద్ద హోటళ్ళు, వేలమందికి వండే కాలేజీ హాస్టళ్ళ నుంచి ఆ నూనె విమానాలకి వెళ్ళడం మొదలైతే అది చిన్న బండ్ల మూకుళ్ళలోకి, అక్కడి నుంచి మన కడుపుల్లోకి రావడం తగ్గుతుంది. నాకు అన్నిటికంటే నచ్చిన మార్గం ఇదే. అయితే దేశం ఏటా తాగే విమాన ఇంధనం 80 నుంచి 90 లక్షల టన్నులు. వంటనూనె మొదటి ఒకటి రెండు శాతాలకి దారి చూపిస్తుంది, అంతకు మించి మోయలేదు.

పెద్ద బరువు మోయాల్సింది ఎండతో, గాలితో చేసిన కరెంటు. దానితో నీటి నుంచి హైడ్రోజన్ తీసి, పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి కిరసనాయిలు చేయవచ్చు. ఖరీదెక్కువ. అయినా 2025 జనవరిలో విశాఖ పక్కన పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి ప్రధాని శంకుస్థాపన చేశారు. అక్కడ చేసే వాటి జాబితాలో సాఫ్ కూడా ఉంది. కానీ ప్రధానంగా ఎగుమతి కోసమని అప్పుడే చెప్పారు. అదే తీరాన భోగాపురంలో అల్లూరి పేరుతో కొత్త విమానాశ్రయం కట్టారు. పూడిమడకలో మత్స్యకారుల సముద్రం పక్కన తయారయ్యే శుభ్రమైన ఇంధనం యూరప్ విమానాల్లోకి వెళ్ళి, భోగాపురంలో మనం పాత కిరసనాయిలే నింపుకుంటే అది మళ్ళీ పవర్‌గూడ కథే. మొదటి రోజు నుంచి కొంత వాటా భోగాపురానికి రాసిపెట్టాలి.

*

అసలు ఎగరక్కర్లేని ప్రయాణాలు కూడా ఉన్నాయి. మా ఆఫీసులోనే ఒకసారి విజయవాడలో స్టాక్ లెక్క చూడటానికి నన్ను విమానంలో పంపారు. హైదరాబాద్ నుంచి 275 కిలోమీటర్లు. ఇంటి నుంచి శంషాబాద్ గంటన్నర, అక్కడ గంటన్నర, గాల్లో గంట లోపు, గన్నవరం నుంచి ఊళ్ళోకి ముప్పావుగంట. రైల్లో వెళ్ళినా అంతే పట్టేది. విమానం ఇంధనాన్ని అన్నిటికంటే వేగంగా కాల్చేది పైకి లేచేటప్పుడే. లేచిన వెంటనే దిగే ప్రయాణంలో కిలోమీటరుకి కాలే ఇంధనం అన్నిటికంటే ఎక్కువ. ఫ్రాన్స్ 2023లో, రైల్లో రెండున్నర గంటల్లోపు చేరగలిగిన చోట్లకి దేశీయ విమానాలు ఆపింది. చివరికి తేలింది మూడు దారులే, అయినా గీత గీసింది. స్పెయిన్‌లో మాడ్రిడ్, బార్సిలోనా మధ్య 2008లో హైస్పీడ్ రైలు వచ్చాక నిషేధం ఏమీ లేకుండానే జనం విమానం వదిలి రైలెక్కారు. మన సికింద్రాబాద్ విశాఖ వందే భారత్ 700 కిలోమీటర్లకి ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటుంది. బెంగళూరుకీ దాదాపు అంతే. ఈ వేగంతో విమానం ఎక్కేవాణ్ణి రైలెక్కమని అడగలేం. విజయవాడ, బెంగళూరు దారుల్లో రైలు వేగం పెరిగితే ఖాళీ అయ్యే స్లాట్లు, అంటే విమానాలు లేవడానికి, దిగడానికి ఇచ్చే టైములు, రాజమండ్రి నుంచి, కడప నుంచి దూరాలు వెళ్ళేవాళ్ళకి ఇవ్వవచ్చు. పెరుగుదల అంటే అలా ఉండాలని నా కోరిక.

డబ్బు ఎవరివ్వాలి? ఎక్కువ ఎగిరేవాళ్ళు. ఏడాదిలో మొదటి ప్రయాణం మీద ఏమీ వద్దు. మూడోదాని మీద కొంత, పదోదాని మీద ఎక్కువ. బిజినెస్ క్లాసులో ఒక మనిషి మూడు నాలుగు సీట్ల చోటు తీసుకుంటాడు, ఆ చోటుకి తగ్గట్టు. ఇది మనకి కొత్త కాదు. పెద్ద దారుల్లో తిరిగే విమానాల మీద రుసుము వేసి ఉడాన్ నడుపుతున్నాం. జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు నుంచి ఎకానమీ టికెట్ మీద 5 శాతం, పై తరగతుల మీద 18 శాతం. సీటుని బట్టి పన్ను వేయడం తెలిసినవాళ్ళకి, ఎన్నోసారో బట్టి వేయడం కష్టం కాదు. వచ్చిన డబ్బు ఖజానాలో కలిపేయకుండా సాఫ్‌కి, కేబుళ్ళకి, తేమ కొలిచే పరికరాలకి పెట్టాలి.

చెల్లికి రెండో కాన్పు డిసెంబరులో. అమ్మకి టికెట్ బుక్ చేస్తుంటే చివరి పేజీలో ఒక గడి కనిపించింది. కొద్ది రూపాయలు కడితే మీ ప్రయాణపు కార్బన్ మొత్తం చెల్లిపోతుందని, చెట్లు నాటుతామని. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఏమిటది అంటే చెప్పాను. "చెట్లకేగా, కట్టేయరాదూ" అంది. పవర్‌గూడ సంగతి మొత్తం చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కాయలు ఏరడం మాటలా" అని మాత్రం అంది.

ఆ గడి నొక్కలేదు. అమ్మ ఎక్కబోయే విమానంలో సాఫ్ ఎంత శాతం కలుపుతారు, బేలో ఉన్నప్పుడు ఏపీయూ ఆపుతారా, తెల్ల చార పడే ఎత్తుల్ని తప్పించే ఏర్పాటు ఏమైనా ఉందా అని మూడు ప్రశ్నలు ఆ విమాన సంస్థకి మెయిల్ చేశాను. పంపి పదకొండు రోజులైంది. జవాబు వస్తే ఇక్కడ పెడతాను.